ఘంటసాల అనంతరము తెలుగు పాట

1974వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీన మదరాసు నగరమున ఘంటసాల వేంకటేశ్వరరావుగారు దివంగతులైరి. అప్పటికి వారి వయస్సు ఏబదియొక్క సంవత్సరములు మాత్రమే. అదే సంవత్సరము మే నెల 1వ తేదీన ‘అల్లూరి సీతారామరాజు’ చిత్రము విడుదల అయ్యెను. అందు మన్యపు జనులను మేలుకొలుపుచు శ్రీశ్రీగారు వ్రాసిన గీతమును ఘంటసాలవారును, వారికంటె ఇరువదినాలుగేండ్లు చిన్నవారైన వి. రామకృష్ణగారును కలిసి పాడిరి. సంగీతము పి. ఆదినారాయణరావుగారిది. ఆ గీతరచనకు జాతీయ బహుమానము లభించెను. తెలుగు సినీగీతమునకు అట్టి గౌరవము అదియే మొదటిసారి. జనులు ఆ పాటను వినునప్పటికి పాడిన ఇద్దరిలో ఒకరు లేరు. పోయిన కంఠమును, ఆ స్థానమునకు రాగలదని లోకము తలచిన కంఠమును ఒక్క పాటలోనే వినవచ్చినవి.

సినిమా పాట యనునది ఒక భజన మేళము వంటిది. వ్రాయువారు, వరుస కట్టువారు, వాద్యములు వాయించువారు, తెరమీద పెదవి కదుపువారు అందరును ఉందురు. ముందుండి ఎత్తుకొనువాడు ఒక్కడు. ఆ ఒక్కడు పోయినచో తక్కినవారి చేతిలోని తాళములు ఏమి కావలెను? 1974లో ఆత్రేయ, దాశరథి, నారాయణరెడ్డి మొదలగు కవులు ఉండిరి. సాలూరు రాజేశ్వరరావు, పెండ్యాల, మహదేవన్, ఆదినారాయణరావు మొదలగు సంగీత దర్శకులు ఉండిరి. రామారావు, నాగేశ్వరరావుగార్లు ఇంకను కథానాయకులుగానే ఉండిరి. సుశీలగారి కంఠము పచ్చగా ఉండెను. పాతికేండ్లపాటు ఎత్తుకొనిన గొంతు ఒక్కటియే లేదు. ఆ మేళము పిదప ఏమి చేసినదో విచారించుటయే ఈ వ్యాసోద్దేశము.

ఈ విచారణ హోసూరు, కృష్ణగిరి వారికి ఎందుకని కొందరు అడుగవచ్చును. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడును, 1956లో రాష్ట్రముల పునర్వ్యవస్థ జరిగినపుడును, 1960లో తిరుత్తణి వైపు సరిహద్దు సవరింపబడినపుడును మా తాలూకాలు మదరాసు రాష్ట్రమునందే నిలిచినవి. సేలము జిల్లా నుండి 1965లో ధర్మపురి వేరైనది; ధర్మపురి నుండి 2004లో కృష్ణగిరి వేరైనది. కాగితముల మీద జిల్లా పేరు మారినప్పుడెల్ల మావంటి గుమాస్తాలకు రబ్బరు ముద్రలు మార్చు పని తప్పలేదు గాని, ఇంట మాటలాడు భాష మారలేదు. అయితే ఆ భాషకు బడియందును, పత్రికయందును, ప్రభుత్వ కచేరీయందును దొరకవలసినంత ఊత మాకు దొరకలేదు. మా పెద్దలలో తెలుగు అక్షరము రానివారు అనేకులు. వారికి తెలుగు చెవిద్వారా వచ్చినది.

చెవికి అందించినది ప్రధానముగా సినిమాయే. 1952 తరువాత కేంద్రమంత్రి కేస్కరుగారి కాలమున ఆకాశవాణి సినిమా పాటలను దూరముంచగా శ్రోతలు రేడియో సిలోను వైపు మరలిరి. అచ్చటి తెలుగు ప్రసారములలో మీనాక్షీ పొన్నుదురైగారి పేరు తెలియని తెలుగు శ్రోత ఆ రోజులలో అరుదు. 1957లో వివిధభారతి ఆరంభమైన పిమ్మట ఆకాశవాణియు దారికి వచ్చినది. ఊళ్లలో టూరింగు టాకీసుల డేరాలు లేచినవి. ఆట మొదలగుటకు ముందు మైకులో వేయు ప్లేట్లు ఊరంతటికి వినబడుచుండెను. ఆ డేరాల వాకిట కొన్ని పైసలకు అమ్ము పాటల పుస్తకములను పట్టుకొని అక్షరములు కూడబలుకుకొనిన పిల్లలలో మేమును ఒకరము. మా ప్రాంతపు పలుకులో కన్నడము, తమిళము కలిసియుండును; ఒత్తక్షరములు తేలిపోవును. భీష్ముడు బీష్ముడగును, ధర్మము దర్మమగును. ఈ ఒత్తులు ఎట్లు పలుకవలెనో మాకు నేర్పినది ఘంటసాలవారి పద్యము. ఈ మాట అతిశయోక్తి యని మేము అనుకొనుట లేదు.

ఆయన జీవితకథ ఆంధ్రదేశమున అందరికిని తెలిసినదే గనుక క్లుప్తముగా చెప్పెదము. 1922 డిసెంబరు 4న గుడివాడ దగ్గరి చౌటపల్లిలో జననము. తండ్రి సూరయ్యగారు మృదంగము ఎరిగినవారు. విజయనగరము సంగీత కళాశాలలో చదువు. ఇంటింట మధుకరమెత్తి భుజించుచు, పట్రాయని సీతారామశాస్త్రిగారి అనుగ్రహమున సాధన. 1942 ఉద్యమమున చేరి అలీపురము జైలువాసము. పిదప మదరాసు చేరి ‘స్వర్గసీమ’ (1945)లో గొంతు వినిపించి, సంగీత దర్శకులై, ‘పాతాళభైరవి’ (1951)తో ఇంటింటివారైరి. 1970లో పద్మశ్రీ. 1971లో విదేశయాత్ర. ఇంతలోనే ఆరోగ్యము చెడినది.

ఆయన పద్యము పాడిన తీరును గూర్చి మాత్రము కొంత నిలిచి చెప్పవలెను. ఏలయన పిదప పోయినదేమో తెలియుటకు అది అవసరము. నాటకరంగముపై పద్యమనగా రాగాలాపనకు పందెము. ఒక్క పాదమును పట్టుకొని నటుడు దీర్ఘముగా సాగదీయును. సభ ‘వన్స్ మోర్’ అని కేకలు వేయును. నటుడు మరల అందుకొనును. పద్యార్థము ఆ కేకలలో కలిసిపోవును. గ్రామఫోను ప్లేటుకు ఇంత ఓపిక లేదు. నిమిషమునకు డెబ్బదియెనిమిది చుట్లు తిరుగు ఆ ప్లేటు ఒక వైపున మూడున్నర నిమిషములకు మించి పట్టుట కష్టము. ఘంటసాలవారు ఆ కొలతకు లోబడి రాగమును కుదించిరి. యతిస్థానమును విరువక, పదమును మ్రింగక, భావము ఎచ్చట ఉన్నదో అచ్చట గొంతును నిలిపిరి. జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి ‘పుష్పవిలాపము’ ప్లేటు ఈ పద్ధతికి ఉదాహరణము. అచ్చులో చదివి అర్థము చేసికొనలేని వారికి సయితము అది విన్నంత మాత్రమున అర్థమయ్యెను. తిరుపతి వేంకటకవుల ఉద్యోగ పద్యములు ‘శ్రీకృష్ణావతారము’ (1967) మూలముగా మా పల్లెలకు వచ్చి చేరినవి. ‘లవకుశ’ (1963)కు సంగీతము కూర్చినవారును ఆయనయే.

ఇట్టివాడు పోయినపుడు మేళమునకు రెండు దారులు కనబడినవి. పోయిన గొంతుకు దగ్గరగా ఉన్న గొంతును వెదకి తెచ్చుట ఒకటి. గొంతు సంగతి విడిచి, పాటను క్రొత్తగా కట్టుకొనుట రెండవది.

మొదటి దారి రామకృష్ణగారిది. ఆయన 1947లో విజయనగరమున జన్మించిరి; సుశీలగారికి బంధువులు. ఘంటసాలవారు జీవించియుండగనే, 1972లో ‘విచిత్రబంధము’ చిత్రమున ఆయన గొంతు జనులకు నచ్చెను. మరుసటి యేడు ‘భక్త తుకారాం’లో ఇద్దరి గొంతులును ఉన్నవి. ఆరోగ్యము చాలని పెద్దాయనకు సాయముగా చిన్నవాడు వచ్చినట్లు అప్పటివారు భావించిరి. 1974 తరువాత అక్కినేనివారికి ఆయన గొంతు కొంతకాలము అంటుకొనియే ఉండెను. ‘సెక్రటరీ’, ‘మహాకవి క్షేత్రయ్య’ (రెండును 1976) అందుకు సాక్షి. ‘ముత్యాలముగ్గు’ (1975)లోని పాటను, ‘భక్త కన్నప్ప’ (1976)లోని శివస్తుతిని తలచుకొనినచో ఆయనకు స్వంత ప్రతిభ లేదనుట అన్యాయము. ఆయన దురదృష్టమెల్ల జనులు ఆయన పాటలో ఆయనను వినక మరియొకరిని వెదకుటలో ఉన్నది. ఎంత బాగుగా పాడినను ‘అచ్చము ఘంటసాలవలెనే’ అనిరి; ఏ మాత్రము తగ్గినను ‘ఘంటసాల కాడు’ అనిరి. రెండు మాటలలోను ఆయన పేరు లేదు. 2015లో ఆయన స్వర్గస్థులైరి. ఆయనకు రావలసిన పేరు ఇంకను రాలేదని మా అభిప్రాయము.

పోలికతో వచ్చు గొంతుకు ఈ గండము ఒక్క తెలుగునాటనే ఉన్నది కాదు. హిందీలో కుందన్‌లాల్ సైగల్ జీవించియుండగనే, 1945లో ‘పహలీ నజర్’ చిత్రమునకు ముఖేష్ అను యువకుడు సైగల్ తీరున ఒక పాట పాడి పేరు పొందెను. 1947లో సైగల్ కన్ను మూసెను. ముఖేష్ ఆ తీరులోనే ఉండిపోయినచో నేడు ఆయనను తలచువారు తక్కువగా ఉందురు. ఆయన అచ్చటినుండి మెల్లగా తొలగి తన గొంతును తాను కనుగొనిన పిమ్మటనే ముఖేష్ అయ్యెను. ఇంకను దూరపు ఉదాహరణము ఒకటి మా యింటి కుర్రవాండ్రు చెప్పిరి. ఆస్ట్రేలియాకు చెందిన ఏసీ డీసీ అను వాద్యబృందమున ప్రధానగాయకుడు బాన్ స్కాట్ 1980 ఫిబ్రవరిలో మరణించెను. బృందము వారు బ్రయన్ జాన్సన్ అను ఆంగ్లేయుని చేర్చుకొని అయిదు మాసములు తిరుగక ముందే, జూలైలో ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ అను రికార్డును వెలువరించిరి. అట్టకు పోయినవాని జ్ఞాపకార్థము నలుపు రంగు. లోపల తొలి పాటకు ముందు గంటానాదము. క్రొత్తవాడు పాతవానిని అనుకరింపలేదు. ఆ కేకలు మా చెవికి పట్టవు గాని, వారు చేసిన పని మాకు బోధపడినది. దుఃఖమును అట్ట మీద ఉంచి, పాటను ముందుకు సాగించిరి.

మన మేళములో ఈ రెండవ దారి ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యముగారిది. ఈయన 1946లో కోనేటంపేటలో జన్మించిరి. ఆ ఊరు నేడు తమిళనాడు తిరువళ్లూరు జిల్లాలోనిది. తండ్రి సాంబమూర్తిగారు హరికథకులు. 1964లో మదరాసులోని ఒక తెలుగు సాంస్కృతిక సంస్థవారు నడిపిన ఔత్సాహిక గాయకుల పోటీలో ఈయనకు ప్రథమ బహుమానము వచ్చెను. తెలుగు సంఘముల వారు ఇది జ్ఞాపకముంచుకొనదగిన సంగతి. ఎస్.పి. కోదండపాణిగారు చేరదీయగా 1966 డిసెంబరు 15న ‘శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్న’ చిత్రమునకు తొలి పాట పాడిరి. ఆ కోదండపాణిగారును 1974లోనే గతించుట విచిత్రము.

ఘంటసాలవారును ఈయనయు కలిసి పాడిన పాట ‘ఏకవీర’ (1969)లో ఉన్నది. విశ్వనాథ సత్యనారాయణగారి నవలయే ఆ చిత్రమునకు మూలము. కథ మధుర నాయకరాజుల నాటిది, అనగా తమిళదేశపు తెలుగువారి కథయే. కృష్ణశాస్త్రిగారి సాహిత్యమునకు మహదేవన్‌గారు వరుస కట్టగా రామారావుగారికి ఘంటసాలవారును, కాంతారావుగారికి బాలసుబ్రహ్మణ్యముగారును పాడిరి. శ్రద్ధగా వినుడు. చిన్నవాడు పెద్దవాని బరువును ఎత్తుకొనబోలేదు. తన సన్నని గొంతుతోనే ప్రక్కన నడచెను. అయిదేండ్ల తరువాత జరుగనున్నదంతయు ఆ పాటలోనే ఉన్నదని మాకు తోచును.

అయినను 1974లో పెద్ద నటులిద్దరికిని ఈ గొంతు తగునని ఎల్లరును నమ్మలేదు. పాతికేండ్లుగా రామారావు పెదవి కదిపినచో ఘంటసాల వినబడవలెను; అది ప్రేక్షకుని చెవికి పట్టిన అలవాటు. బాలసుబ్రహ్మణ్యముగారు దీనికి కనిపెట్టిన ఉపాయము ఘంటసాలను విడిచి నటుని పట్టుకొనుట. రామారావుగారు మాటలాడునపుడు గొంతు ఎచ్చట బిగియును, నాగేశ్వరరావుగారు మాట చివర ఎట్లు జారవిడుతురు, అల్లు రామలింగయ్యగారు ముక్కుతో ఎంత పలుకుదురు అను వివరములను గమనించి పాటలో పెట్టిరి. 1977లో ‘అడవిరాముడు’ వచ్చెను. వేటూరి రచన, మహదేవన్ సంగీతము, సుశీలగారితో యుగళగీతములు. ఆ యేడు మైకు సెట్టు పెట్టిన పెండ్లి ఏదియు ఆ పాటలు లేక జరిగియుండదు. 1981లో ‘ప్రేమాభిషేకము’ వచ్చునప్పటికి నాగేశ్వరరావుగారి గొంతును జనులు బాలసుబ్రహ్మణ్యముగారిలోనే వినజొచ్చిరి.

ఈ రెండింటి నడుమ 1980 ఫిబ్రవరిలో ‘శంకరాభరణము’ వచ్చెను. శాస్త్రీయ సంగీతమును క్రమముగా అభ్యసింపని గాయకునిచేత సంగీత విద్వాంసుని పాటలు పాడించుట సాహసమే. మహదేవన్‌గారి సహాయకులు పుహళేందిగారు ఒక్కొక్క పాటను దగ్గర కూర్చుండబెట్టుకొని నేర్పిరి. గాయకునికి, సంగీత దర్శకునికి, వాణీజయరాం గారికి జాతీయ బహుమానములు వచ్చినవి. మహదేవన్‌గారు నాగరుకోవిలు ప్రాంతపు తమిళులు. సరిహద్దులకు ఈవల ఉన్న మాకు ఈ సంగతి ఎంతో ముచ్చట గొలుపును.

మేళము నిలిచినది, పాట సాగినది. ఇంతవరకు ఎవరికిని భేదాభిప్రాయము ఉండదు. మేము చెప్పదలచినది దీని తరువాతిది. పాట సాగినది గాని పద్యము సాగలేదు. ఘంటసాలవారి రెండు పనులలో ఒకదానికే వారసులు దొరికిరి.

1977 సంక్రాంతికి రామారావుగారి ‘దానవీరశూర కర్ణ’ విడుదలయ్యెను. సంగీతము పెండ్యాలవారిది, పద్యములును ఉన్నవి. అయినను ఆ చిత్రము నుండి జనులు నోట పట్టుకొనినది ఏమి? కొండవీటి వేంకటకవిగారు వ్రాసిన సుయోధనుని సంభాషణలు! హోసూరు చంద్రచూడేశ్వరస్వామి రథోత్సవపు రోజులలో అంగళ్లలో మ్రోగినవి ఆ సంభాషణలే. పదేండ్లకు పూర్వమైనచో అచ్చట ‘శ్రీకృష్ణావతారము’ పద్యములు మ్రోగియుండెడివి. సంభాషణలు గంభీరముగా ఉన్నవి, కాదనము. ఒత్తులు అందును స్పష్టమే. అయితే వచనమును వినినవాడు ఆ వచనమును మాత్రమే నేర్చును; పద్యము పట్టుబడినవానికి భారతము తలుపు తెరుచుకొనును. పౌరాణిక చిత్రములే తగ్గిపోయినవి గదా, పద్యమును ఎచ్చట పాడుదురు అని కొందరందురు. అదియు నిజమే. కాని పౌరాణికములు తగ్గుటకు గల కారణములలో అట్టి పద్యము పాడువాడు లేకపోవుటయు ఒకటి కాదా అని మాకు సందేహము.

పాట కట్టినవాడు నడుమ విడిచిపోయినపుడు ఘంటసాలవారే ఒకప్పుడు మేళమును నిలిపిరి. ‘మాయాబజారు’ (1957)కు రాజేశ్వరరావుగారు కొన్ని వరుసలు కట్టి తొలగిపోగా ఆ వరుసలను అట్లే గౌరవించి, మిగిలినవి తాము కూర్చి చిత్రమును పూర్తి చేసిరి. ఏది ఎవరిదో చెప్పుట నేటికిని రసికులకు ఒక వినోదము. పద్యము విషయమున అట్టి చేయి ఆయనకు దొరకలేదు.

ఆయన చివరి కానుక భగవద్గీత రికార్డు. ఏడువందల శ్లోకములలో నూటికి పైగా ఏరి, తెలుగు తాత్పర్యముతో హెచ్.ఎమ్.వి. వారికి పాడి ఇచ్చిరి; ఆయన పోయిన పిమ్మట అది వెలువడెను. నిజమునకు ఇదియు తెలుగువారికి పద్యమును అర్థముతో వినిపించు పద్ధతికి పరాకాష్ఠయే. దానికి పట్టిన గతి చూడుడు! ఎచ్చటనైన ఆ రికార్డు వినబడినచో ‘ఎవరు పోయినారు’ అని అడుగు ఆచారము వచ్చినది. అర్జునుని యుద్ధమునకు లేపుటకు చెప్పిన మాటలను పాడె ముందు తప్ప వినము. మా యింట ఉదయమున దీనిని పెట్టుట మొదలిడిన రోజున పొరుగువారు కంగారుపడి వచ్చిరి. మేము నేటికిని మానలేదు.

2006లో తమిళనాట తమిళ బోధనా చట్టము వచ్చి ఒకటవ తరగతి మొదలు తమిళము నిర్బంధ పాఠ్యమైనది. ఉన్న ఊరి భాష నేర్చుట మంచిదే. మేమును నేర్చితిమి, ఆ భాషలోనే ఉద్యోగము చేసితిమి. కాని దాని ప్రక్కన తెలుగుకు మిగిలిన చోటు ఇరుకైనది. నేటి మా మనుమల తరము మా అవ్వల తరమువలెనే మరల చెవితోనే తెలుగు నేర్వవలసిన స్థితికి వచ్చినది. 1996 నుండి ఈటీవీలో బాలసుబ్రహ్మణ్యముగారు నడిపిన ‘పాడుతా తీయగా’ ఆ పనిని చాలవరకు చేసినది. పిల్లల పాటలో శ్రుతి తప్పినచో మెత్తగా చెప్పుచు, ఉచ్చారణ తప్పినచో మాత్రము ఊరకొనక దిద్దుచుండిరి. 2020 సెప్టెంబరు 25న ఆయనయు చెన్నపట్టణమున కన్నుమూసిరి. మేళము మరల ఎత్తుకొనువాని కొరకు చూచుచున్నది.

మన సంఘము వారికి ఒక మనవి. ఉగాది పోటీలలో సినిమా పాటలకు బహుమానములు ఇచ్చుచున్నారు. ట్రాకు పెట్టుకొని పిల్లలు పాడుచున్నారు, సంతోషము. దానితోపాటు పద్యమునకు ఒక పోటీ పెట్టుడు. ట్రాకు వలదు. ఒక్క పద్యము, ఒత్తులు తప్పకుండ, పాడిన పిదప దాని అర్థము రెండు వాక్యములలో పిల్లవాడే చెప్పవలెను. తమిళములో చెప్పినను సరే. మా యింట పాత హార్మోనియము ఒకటి ఉన్నది. దాని తిత్తి చినిగినది. బాగు చేయించి పోటీనాటికి తెచ్చి ఇచ్చెదము.